క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్

క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ (జూన్ 22, 1909 - జూన్ 11, 1995) ఆస్ట్రియా దేశంలో జన్మించిన సుప్రసిద్ధ మానవ శాస్త్రవేత్త. నిజాం పాలనలోని హైదరాబాదు రాజ్యంలో చెంచులు, కొండరెడ్లు, రాజగోండుల జీవన విధానాన్ని వారి మధ్య నివసించి అధ్యయనం చేశాడు. ఆ తరువాత నేపాల్‌లోని ఎవరెస్టు శిఖర ప్రాంతంలో షెర్పాలపై సుదీర్ఘకాలం పరిశోధన చేశాడు. నేటి నాగర్‌కర్నూల్ జిల్లాలోని అమ్రాబాదు పీఠభూమిలో నార తాళ్లతో కొండచరియలు దిగే తేనె సేకర్తలను, హిమాలయాలలో పర్వతారోహకుల బరువులు మోసి తాళ్లు కట్టే షెర్పాలను కూడా దగ్గరగా చూసి గ్రంథస్తం చేసిన పండితుడు ఇతడు. కొండ ఎక్కే మనిషి భద్రతకు, ఆ కొండపై ఉన్న అడవి మనుగడకు గల సంబంధాన్ని తెలుసుకోగోరేవారికి ఇతని రచనలు నేటికీ ఉపయోగపడుతున్నాయి.

బాల్యం, విద్యాభ్యాసం

హైమండార్ఫ్ 1909లో వియన్నా నగరంలో ఒక ఉన్నత వంశంలో జన్మించాడు. వియన్నా విశ్వవిద్యాలయంలో మానవ శాస్త్రం, పురావస్తు శాస్త్రం అభ్యసించాడు. ఆగ్నేయాసియా సంస్కృతుల పరిశోధకుడైన రాబర్ట్ హైన్ గెల్డెర్న్ ఇతని గురువు. అస్సాం, వాయవ్య బర్మా కొండజాతుల సామాజిక వ్యవస్థపై సిద్ధాంత గ్రంథం సమర్పించి 1931లో డాక్టరేటు పొందాడు. అప్పటికి ఆయన ఆ ప్రాంతాలను చూడలేదు. గ్రంథాలయంలోని పుస్తకాల ఆధారంగానే ఆ పరిశోధన పూర్తి చేశాడు.

రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ ఉపకార వేతనంతో 1935లో లండన్ చేరి, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో బ్రోనిస్లా మాలినోవ్‌స్కీ నిర్వహించే చర్చా సదస్సులలో పాల్గొన్నాడు. పరిశోధకుడు తాను అధ్యయనం చేసే ప్రజల మధ్యనే నివసించాలి, వారి భాష నేర్చుకోవాలి అనే మాలినోవ్‌స్కీ పద్ధతి ఇతని జీవితాంతం ఆచరణలో నిలిచింది.

నాగా కొండలలో

1936లో హైమండార్ఫ్ భారతదేశానికి వచ్చి నాగా కొండలలోని వాక్చింగ్ గ్రామంలో కోన్యాక్ నాగాల మధ్య నివసించాడు. నాగా కొండల పాలనాధికారి జె.పి.మిల్స్ ఇతనికి తోడ్పడ్డాడు. ఈ అనుభవాల ఆధారంగా రాసిన ది నేకెడ్ నాగాస్ అనే పుస్తకం 1939లో వెలువడి ఇతనికి పేరు తెచ్చింది. 1938లో బెట్టీ బర్నార్డోతో ఇతని వివాహం జరిగింది. ఆమె అనంతర కాలంలో భర్త క్షేత్ర పరిశోధనలన్నింటిలో సహచరిగా, సహ పరిశోధకురాలిగా ఉంది.

యుద్ధకాలం - హైదరాబాదు రాజ్యం

1938లో ఆస్ట్రియా జర్మనీలో విలీనం కావడంతో హైమండార్ఫ్ జర్మనీ పౌరుడయ్యాడు. 1939లో దంపతులు మరల భారతదేశానికి వచ్చిన కొద్దికాలానికే రెండవ ప్రపంచ యుద్ధం ఆరంభమైంది. బ్రిటిషు ప్రభుత్వం దృష్టిలో ఆయన శత్రుదేశ పౌరుడు. అయితే ఆయన నాజీలకు అనుకూలుడు కాడని ఎరిగిన అధికారుల చొరవ వలన, నిర్బంధ శిబిరంలో గడపవలసిన అవసరం లేకుండా, హైదరాబాదు రాజ్యం సరిహద్దులు దాటరాదనే నియమంతో పరిశోధన కొనసాగించుకొనే వీలు కలిగింది. ఆ విధంగా ఒక యుద్ధకాలపు ఆంక్ష తెలంగాణ గిరిజనుల చరిత్రకు మేలు చేసింది.

చెంచుల మధ్య

హైమండార్ఫ్ హైదరాబాదు రాజ్యంలో మొదట ఎంచుకొన్నది చెంచులను. 1940లో ఆయన, బెట్టీ అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని అమ్రాబాదు పీఠభూమికి వెళ్ళి, నల్లమల అడవిలోని చెంచు పెంటలలో నెలల తరబడి గడిపారు. ఆ కాలంలో ఈ జిల్లా ప్రాంతంలో నిజాం ప్రత్యక్ష పాలనలోని భూములతో పాటు గద్వాల, వనపర్తి వంటి సంస్థానాలు కూడా ఉండేవి. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణలో జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వేర్వేరు జిల్లాలుగా ఏర్పడగా, అమ్రాబాదు పీఠభూమి నాగర్‌కర్నూల్ జిల్లాలో చేరింది.

కృష్ణానది లోయకు ఉత్తరాన నిట్టనిలువు కొండచరియలతో ఉన్న ఈ అడవిలో చెంచులు చిన్న చిన్న గుంపులుగా జీవించేవారు. గడ్డి కప్పిన గుండ్రని గుడిసెలు, ఇనుప మొన గల తవ్వుకోల, విల్లంబులు, వెదురు బుట్టలు వారి ఆస్తి. దుంపలు, పండ్లు, ఇప్పపూలు, వేట మాంసం, తేనె వారి ఆహారం. వారి మాతృభాష తెలుగు. లింగమయ్య, గారెల మైసమ్మ వారు కొలిచే దేవతలలో ముఖ్యులు. ఒక్కొక్క గుంపుకు తనదైన అటవీ ప్రాంతం ఉండేదని, ఆ హద్దులను ఇతర గుంపులు గౌరవించేవని హైమండార్ఫ్ గమనించాడు.

ఈ పరిశోధన ఫలితం 1943లో ది చెంచూస్ - జంగిల్ ఫోక్ ఆఫ్ ది డెక్కన్ పేరుతో వెలువడింది. హైదరాబాదు ఆదిమ జాతులపై వెలువడిన గ్రంథమాలలో ఇది మొదటి సంపుటం.

తేనె తాడు

కొండచరియల నుండి తేనె తీయడం చెంచుల వృత్తులలో అతి ప్రమాదకరమైనది. పెద్ద తేనెటీగలు (పెర తేనెటీగలు) ఎత్తైన చెట్లకు, మనిషి అడుగు మోపలేని రాతి చరియల అంచులకు పట్టులు పెడతాయి. వాటిని చేరుకోవడానికి చెంచులు అడవి తీగలతోను, చెట్ల నారతోను పేనిన తాళ్లను వాడేవారు. తాడు ఒక కొనను చరియ పైనున్న చెట్టుకు కట్టి, రెండవ కొన ఆధారంగా ఒకడు లోయలోకి దిగుతాడు. పొగ పెట్టి ఈగలను తరిమి, పట్టును కోసి బుట్టలో వేసుకొంటాడు. పైనున్నవారు దానిని లాగుకొంటారు.

ఈ పనిలో తాడు కాపలా ఎవరు ఉండాలనే విషయంలో చెంచులకు గట్టి కట్టుబాటు ఉంది. తేనెకు దిగే మనిషి తన భార్య సోదరుని, అనగా బావను లేదా బావమరిదిని, పైన కాపలా ఉంచుతాడు. సొంత అన్నదమ్ములను ఉంచడు. భర్త మరణించిన స్త్రీని అతని సోదరుడు వివాహమాడే ఆచారం ఉన్నందున, సొంత సోదరునికి దుర్బుద్ధి పుట్టే అవకాశం ఉంటుందని, తోబుట్టువు విధవ కావాలని ఏ అన్నదమ్ముడూ కోరుకోడని దీని వెనుకనున్న భావన. వినడానికి వింతగా తోచినా ఇది లోతైన ఆలోచన గల భద్రతా నియమం. ఆధునిక పర్వతారోహణలో ఎక్కేవాని తాడును మరొకరు అదుపులో ఉంచే పద్ధతిని బిలే అంటారు. తాడు ఎంత గట్టిదైనా దానిని పట్టిన చేయి నమ్మకమైనది కాకపోతే ప్రయోజనం లేదు. లోహపు కొక్కేలు, నడుముకు బిగించే పట్టీలు లేని కాలంలో చెంచులు ఆ నమ్మకాన్ని బంధుత్వం ద్వారా సాధించారు.

సామగ్రి దృష్టితో చూసినప్పుడు ఈ తాడుకు గుణము, దోషము రెండూ ఉన్నాయి. అడవిలో పుట్టి, పని ముగిసిన తరువాత అడవిలోనే మట్టిలో కలిసిపోతుంది. కొనవలసిన పని లేదు, వ్యర్థం మిగలదు. కాని నార తాళ్లు తడికి నాని కుళ్ళుతాయి, ఎండకు పెళుసెక్కుతాయి, రాతి అంచుకు ఒరుసుకొని తెగుతాయి. పడుతున్న మనిషి బరువును సాగి ఓర్చుకొనే గుణం వీటికి తక్కువ. యూరపులోని పర్వతారోహకులు కూడా రెండవ ప్రపంచ యుద్ధకాలం వరకు నార తాళ్లపైనే ఆధారపడ్డారు. 1865లో ఆల్ప్స్ పర్వతాలలోని మ్యాటర్‌హార్న్ శిఖరాన్ని మొదటిసారి ఎక్కి దిగుతుండగా తాడు తెగి నలుగురు మరణించారు. నల్లమలలోను, ఆల్ప్స్‌లోను సమస్య ఒకటే.

గిరిజన సలహాదారు

చెంచుల తరువాత హైమండార్ఫ్ గోదావరి లోయలోని కొండరెడ్లను, ఆదిలాబాదు జిల్లాలోని రాజగోండులను అధ్యయనం చేశాడు. 1940లో జోడేఘాట్ వద్ద కొమురం భీం నాయకత్వంలో జరిగిన గోండుల తిరుగుబాటును నిజాం ప్రభుత్వం అణచివేసింది. తిరుగుబాటుకు మూలమైన భూమి సమస్యను అర్థం చేసుకోవలసిన అవసరం ప్రభుత్వానికి అప్పుడు ఏర్పడింది. హైమండార్ఫ్ గోండు గ్రామమైన మార్లవాయిలో నివాసం ఏర్పరచుకొని, గిరిజనుల భూములు వలసదారుల చేతికి ఎలా పోతున్నాయో, అటవీ శాఖ ఆంక్షలు వారిని ఎలా నిర్వాసితులను చేస్తున్నాయో నివేదికల రూపంలో ప్రభుత్వానికి తెలిపాడు. ఈ నివేదికలు 1945లో ట్రైబల్ హైదరాబాద్ పేరుతో ప్రచురితమయ్యాయి.

1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణా కేంద్రం ఆరంభమైంది. గోండి భాషలో వాచకాలు తయారు చేయించి పిల్లలకు మాతృభాషలో చదువు చెప్పించడం ఈ పథకం ప్రత్యేకత. నిజాం ప్రభుత్వంలో మంత్రిగా ఉన్న డబ్ల్యు.వి.గ్రిగ్సన్ ఈ కార్యక్రమాలకు అండగా నిలిచాడు.

1944-45లో హైమండార్ఫ్ భారత ప్రభుత్వ ప్రత్యేకాధికారిగా ఈశాన్య సరిహద్దులోని సుబన్‌సిరి ప్రాంతంలో పనిచేసి అపతానీ తెగను అధ్యయనం చేశాడు. తిరిగి వచ్చిన తరువాత 1949 వరకు హైదరాబాదు ప్రభుత్వానికి గిరిజన, వెనుకబడిన వర్గాల సలహాదారుగా, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆచార్యునిగా పనిచేశాడు. ఆ కాలంలో వేలాది గిరిజన కుటుంబాలకు భూమి పట్టాలు లభించాయి. 1356 ఫసలీ (1946) నాటి గిరిజన ప్రాంతాల చట్టం కూడా ఈ కృషిలో భాగమే. చెంచుల కొరకు అమ్రాబాదు అడవిలో ప్రత్యేక రక్షిత ప్రాంతం ఏర్పరచాలని ఇతడు చేసిన సిఫారసును నిజాం ప్రభుత్వం అంగీకరించింది. చెంచులు తమ ఇష్టప్రకారం అడవిలో సంచరించి, తేనె, దుంపలు సేకరించుకొనే హక్కును కాపాడడం దాని ఉద్దేశం.

షెర్పాల మధ్య

1949లో హైమండార్ఫ్ లండన్ విశ్వవిద్యాలయంలోని ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయనాల పాఠశాలలో చేరి, 1951లో ఆచార్యుడై, 1976లో పదవీ విరమణ చేసేవరకు అక్కడే కొనసాగాడు. అక్కడి మానవ శాస్త్ర విభాగం ఇతని నాయకత్వంలో రూపుదిద్దుకొంది. 1975 నుండి 1977 వరకు రాయల్ ఆంత్రపొలాజికల్ ఇన్‌స్టిట్యూట్ అధ్యక్షునిగా ఉన్నాడు.

1953లో నేపాల్ ప్రభుత్వ అనుమతితో ఎవరెస్టు దిగువనున్న ఖుంబూ ప్రాంతానికి వెళ్ళి షెర్పాలపై పరిశోధన ప్రారంభించాడు. అదే సంవత్సరం మే 29న టెన్సింగ్ నార్కే, ఎడ్మండ్ హిల్లరీ ఎవరెస్టు శిఖరాన్ని అధిరోహించారు. ఆ యాత్ర సామగ్రిని మోయడానికి 360 మందికి పైగా కూలీలు అవసరమయ్యారు. అప్పటికే నైలాన్ తాళ్లు నార తాళ్ల స్థానంలోకి వచ్చాయి. నైలాన్ తాడు తేలికైనది, తడికి కుళ్ళదు, కుదుపు వచ్చినప్పుడు సాగి మనిషిని కాపాడుతుంది. కాని మంచుపై వదిలివేసినప్పుడు మట్టిలో కలవదు.

ప్రపంచం షెర్పాలను బరువులు మోసే వీరులుగా మాత్రమే గుర్తించిన రోజులలో, హైమండార్ఫ్ వారిని వ్యవసాయం, పశుపోషణ, టిబెట్ వ్యాపారం సాగించే బౌద్ధ సమాజంగా చూపించాడు. 1964లో వెలువడిన ది షెర్పాస్ ఆఫ్ నేపాల్ ఈ పరిశోధన ఫలితం. అందులో గ్రామ అటవీ కాపలాదారుల వ్యవస్థను ఆయన వివరించాడు. గ్రామస్థులు తమలో కొందరిని కాపలాదారులుగా ఎన్నుకొనేవారు. వారి అనుమతి లేకుండా పచ్చి చెట్టు నరికినవారు జరిమానా చెల్లించవలసి ఉండేది.

పర్వతారోహణ, అడవులు

1984లో ప్రచురితమైన ది షెర్పాస్ ట్రాన్స్‌ఫార్మ్‌డ్ గ్రంథంలో హైమండార్ఫ్ ముప్పై ఏళ్లలో వచ్చిన మార్పులను చర్చించాడు. 1957లో నేపాల్ ప్రభుత్వం అడవులను జాతీయం చేయడంతో గ్రామ కాపలా వ్యవస్థ బలహీనపడింది. 1964లో లుక్లాలో విమానాల దిగుబడికి మైదానం ఏర్పడిన తరువాత పర్వతారోహకులు, యాత్రికులు పెరిగారు. వారి వంటకు, చలిమంటలకు కట్టెలు కావలసి వచ్చాయి. ఆ ఎత్తులో చెట్లు, జూనిపర్ పొదలు అతి నెమ్మదిగా పెరుగుతాయి. కొన్ని రోజుల మంటకు దశాబ్దాల పెరుగుదల ఖర్చవుతుంది. టిబెట్ వ్యాపారం దెబ్బతిన్న షెర్పాలకు పర్వతారోహణ కొత్త ఆదాయం ఇచ్చింది. అదే సమయంలో ప్రాణాపాయం కూడా తెచ్చింది. 1922లోనే ఎవరెస్టుపై మంచుచరియ విరిగిపడి ఏడుగురు కూలీలు మరణించారు. పురుషులు నెలల తరబడి యాత్రలలో ఉండడం వలన వ్యవసాయం, కుటుంబ జీవితం కూడా మార్పుకు లోనయ్యాయి.

1976లో సాగరమాత జాతీయ ఉద్యానవనం ఏర్పడింది. 1979లో దానికి ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తింపు లభించింది. పర్వతారోహక బృందాలు కట్టెలకు బదులు కిరోసిన్, గ్యాసు వంటి ఇంధనాన్ని తమ వెంట తెచ్చుకోవాలని నియమం వచ్చింది. పొయ్యి కూడా పర్వతారోహణ సామగ్రిలో భాగమేనని, దాని ఎంపికపై ఒక లోయ అడవి ఆధారపడి ఉంటుందని ఖుంబూ అనుభవం నిరూపించింది.

మరల తెలంగాణకు

1970 దశకం చివరలో హైమండార్ఫ్ దంపతులు తాము పనిచేసిన ప్రాంతాలను మరల దర్శించారు. తాము పట్టాలు ఇప్పించిన భూములలో చాలా భాగం గోండుల చేతుల నుండి జారిపోయినట్లు గమనించారు. గిరిజన భూముల బదలాయింపును నిషేధించే 1959 నాటి నిబంధన, దానికి 1970లో చేసిన సవరణ (1/70 చట్టం) అమలులో ఉన్నప్పటికీ ఈ నష్టం జరిగింది. నల్లమలలో చెంచుల స్థితిని కూడా ఆయన తిరిగి పరిశీలించాడు. ఈ పరిశీలనలు 1982లో ట్రైబ్స్ ఆఫ్ ఇండియా - ది స్ట్రగుల్ ఫర్ సర్వైవల్ గ్రంథంగా వెలువడ్డాయి. ఆయన ఆత్మకథ లైఫ్ అమాంగ్ ఇండియన్ ట్రైబ్స్ 1990లో ప్రచురితమైంది.

విమర్శలు

హైమండార్ఫ్ కృషిపై విమర్శలు కూడా ఉన్నాయి. ఆయన బ్రిటిషు, నిజాం ప్రభుత్వాల అధికారిగా పనిచేసినందున, ఆయన పరిశోధన పాలకుల అవసరాలకు కూడా ఉపయోగపడిందని కొందరు భావించారు. గిరిజనులను బయటి సమాజం నుండి వేరుగా ఉంచాలనే ధోరణి ఆయన సిఫారసులలో ఉందని మరికొందరు విమర్శించారు. సిద్ధాంత చర్చ కంటె వర్ణనకే ఆయన ఎక్కువ ప్రాధాన్యం ఇచ్చాడనే అభిప్రాయం కూడా ఉంది. అయితే ఆ వర్ణనల వలననే నాటి చెంచుల జీవన విశేషాలు అనేకం నేటి వారికి తెలుస్తున్నాయి.

చివరి రోజులు

బెట్టీ 1987లో మరణించింది. ఆమె స్మారకం మార్లవాయి గ్రామంలో ఉంది. హైమండార్ఫ్ 1995 జూన్ 11న లండన్‌లో మరణించాడు. మార్లవాయి గోండులు ఈ దంపతులను తమవారిగా భావించి స్మరించుకొంటారు. హైమండార్ఫ్ తీసిన ఛాయాచిత్రాలు, చలనచిత్రాలు, క్షేత్ర దినచర్యలు లండన్‌లో ఆయన పనిచేసిన సంస్థలో భద్రపరచబడి ఉన్నాయి.

తరువాతి పరిణామాలు

హైమండార్ఫ్ పరిశీలించిన రెండు ప్రాంతాలలోను అవే ప్రశ్నలు కొనసాగాయి. ఖుంబూలో షెర్పాలు 1991లో సాగరమాత కాలుష్య నియంత్రణ సమితిని ఏర్పరచుకొన్నారు. 2014లో నేపాల్ ప్రభుత్వం, ఎవరెస్టు ఎక్కే ప్రతి ఒక్కరూ కనీసం 8 కిలోల చెత్తను కిందికి తేవాలని నియమం విధించింది. పాత తాళ్లు, గుడారాలు, ఖాళీ ఆక్సిజన్ సీసాలు ఆ చెత్తలో ముఖ్యమైనవి. అదే సంవత్సరం ఏప్రిల్ 18న ఖుంబూ హిమపాత ప్రాంతంలో మంచు విరిగిపడి 16 మంది నేపాలీ సహాయకులు మరణించారు. ఇతరుల యాత్ర కొరకు ముందుగా దారి వేసి సామగ్రి చేరవేసేవారి ప్రాణాల విలువపై అప్పుడు ప్రపంచవ్యాప్తంగా చర్చ జరిగింది.

నల్లమలలో 1983లో నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల రక్షిత ప్రాంతం ఏర్పడింది. 2014లో రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ భాగం అమ్రాబాదు పులుల రక్షిత ప్రాంతంగా గుర్తింపు పొందింది. అడవిలో నివసించి తేనె, బంక సేకరించే హక్కుకు 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఆధారం కల్పించింది. 1956లో స్థాపితమైన గిరిజన సహకార సంస్థ చెంచుల నుండి తేనెను కొనుగోలు చేస్తూ వచ్చింది. పట్టును మొత్తం కోయక తేనె ఉన్న భాగాన్ని మాత్రమే తీసి, పిల్ల ఈగలున్న భాగాన్ని వదిలే పద్ధతిలోను, రక్షణ దుస్తులు, గట్టి తాళ్ల వాడకంలోను సేకర్తలకు శిక్షణ ఇచ్చే ప్రయత్నాలు జరిగాయి. ఈ పద్ధతిలో ఈగల గుంపు బ్రతుకుతుంది, పట్టు మరల నిండుతుంది. 2019 సెప్టెంబరులో నల్లమలలో యురేనియం తవ్వకాలను వ్యతిరేకిస్తూ తెలంగాణ శాసనసభ తీర్మానం చేసింది.

ముఖ్య రచనలు

ది నేకెడ్ నాగాస్ (1939)
ది చెంచూస్ - జంగిల్ ఫోక్ ఆఫ్ ది డెక్కన్ (1943)
ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్ (1945)
ట్రైబల్ హైదరాబాద్ (1945)
ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్ (1948)
ది అపతానీస్ అండ్ దెయిర్ నైబర్స్ (1962)
ది షెర్పాస్ ఆఫ్ నేపాల్ (1964)
మోరల్స్ అండ్ మెరిట్ (1967)
హిమాలయన్ ట్రేడర్స్ (1975)
ది గోండ్స్ ఆఫ్ ఆంధ్ర ప్రదేశ్ (1979)
ట్రైబ్స్ ఆఫ్ ఇండియా - ది స్ట్రగుల్ ఫర్ సర్వైవల్ (1982)
ది షెర్పాస్ ట్రాన్స్‌ఫార్మ్‌డ్ (1984)
లైఫ్ అమాంగ్ ఇండియన్ ట్రైబ్స్ (1990)